సుభద్రగారి ఎర్రమట్టి టీపాట్

ఖాళీ టీపాట్‌లో వేడినీళ్లు పోయగానే ఆ వాసన లేస్తుంది. ఎండకు నెర్రెలిచ్చిన నేల మీద తొలివాన పడ్డట్టూ, పక్కనే ఎవరో తోటకూర ఉడకేసినట్టూ ఉంటుంది. ఆ తోటకూర వాసన మట్టి పీల్చుకున్న జపాన్ గ్రీన్ టీది. దాన్ని టీ అని మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు. ప్లేనోలోని మా వంటింట్లో ఆ వాసన తగిలితే చాలు, నేను స్కూలు పిల్లాడిలా నిటారుగా నిలబడిపోతాను. పక్కింటి సుభద్రగారు నా వెనకే ఉన్నట్టుంటుంది.

భర్త ఉద్యోగం పుణ్యమా అని ఆవిడ చాలా ఏళ్లు జపాన్‌లో ఉండి, తర్వాత ఇక్కడికొచ్చారు. ఆయన పోయాక ఒక్కరే ఉండేవారు. ఆవిడ దగ్గర ఎర్రమట్టి టీపాట్ ఒకటుండేది. చెంబులో సగం కూడా ఉండదు గానీ, దానికి జరిగే సేవలు ఏ నవాబుకీ జరిగి ఉండవు. మొదటిసారి టీ తాగాక మర్యాదకని కడగబోయాను. నా చేతిలో సబ్బు నురగ చూసి ఆవిడ పెట్టిన కేకకు వీధి చివరి కుక్కలు కూడా తోకలు ముడిచాయి.

"ఏమయ్యా, ఆవకాయ జాడీలో తడిచెయ్యి పెడతావా?"

"అమ్మో, మా అమ్మ చంపేస్తుంది."

"ఇదీ అంతే. దీనికి పైపూత లేదు. మట్టి సబ్బు తాగేస్తుంది, ఆ తర్వాత మనం తాగాలి. ఉత్త వేడినీళ్లతో కడిగి, మూత తీసి ఆరబెట్టు."

అలా ప్రతి శనివారం నాకు పాఠాలు. పక్కకు పొడుచుకొచ్చిన పిడిని గుప్పిట్లో పట్టి, బొటనవేలితో మూత అదిమిపెట్టాలి. ఒక కప్పు నింపేసి ఇంకోదానికి వెళ్లకూడదు. చిక్కదనం అందరికీ సమానంగా రావాలంటే మార్చి మార్చి కొంచెం కొంచెం పోయాలి. చివరి చుక్క దిగేదాకా వంచి పట్టుకోవాలి. "రుచంతా దాన్లోనే" అనేవారు.

ఒక చలికాలం ఆవిడ కుడిచెయ్యి వణకడం మొదలైంది. దూరాన ఎడిసన్‌లో ఉండే కూతురు స్వాతి వస్తోందని తెలిసింది. చూసిపోవడానికి కాదు, తేల్చుకోవడానికి. అమ్మ ఒంటరిగా ఉండలేదనిపిస్తే ఇల్లు అమ్మించి తనతో తీసుకెళ్లిపోతుంది.

"నా చేత్తో టీ పోసి చూపిస్తాను. నువ్వూ వచ్చి కూర్చో. చెయ్యి మాత్రం వెయ్యకు" అన్నారు సుభద్రగారు.

ఆ రోజు బల్ల మీద మూడు కప్పులు. స్వాతి కళ్లు తల్లి మణికట్టు మీద. ఎయిర్‌పోర్ట్‌లో నా వీసా కాగితాలను కూడా ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు. ఆవిడ టీపాట్ ఎత్తారు. బొటనవేలి కింద మూత టకటకమంది. ఆ చప్పుడు కప్పేద్దామని దగ్గాను. మూత ఇంకా గట్టిగా కొట్టుకుంది. పాత ట్రాక్టర్ స్టార్టయినట్టు దగ్గాను.

"అంకుల్, ప్లీజ్ స్టాప్. నాకు ఆ చప్పుడు వినపడుతోంది" అంది స్వాతి.

సుభద్రగారు టీపాట్ కింద పెట్టారు. అయిపోయింది, ఇల్లు పోయింది అనుకున్నాను.

"వణుకుతోందే," అన్నారావిడ కూతురితో. "దాచను. ఇకనుంచి రెండు చేతులతో పోస్తాను. టైమ్ పడుతుంది. కూర్చుంటావా, ఫ్లయిటుందా?"

స్వాతి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

ఎడమచెయ్యి మూత మీద ఉంచి ఆవిడ మళ్లీ ఎత్తారు. ఈ కప్పులో కాస్త, ఆ కప్పులో కాస్త. బల్ల మీద రెండుచోట్ల ఒలికింది. స్వాతి వేళ్లు టిష్యూ పెట్టె దాకా వెళ్లి ఆగాయి. చివర్లో టీపాట్ నిలువునా వంచారు. చెయ్యి వణికిన వణుకుకి చివరి చుక్కలన్నీ జలజలా రాలాయి.

"ఇది మాత్రం ముందుకంటే బాగా వస్తోంది" అన్నారు సుభద్రగారు.

స్వాతి నవ్వబోయి ఏడ్చింది. "బట్ అమ్మా, నీళ్లు కాచే ఆ హెవీ కెటిల్ వద్దు. చిన్నది కొంటాను. నెలకోసారి వచ్చి చూస్తాను, ఓకే?"

"వస్తే నువ్వే పొయ్యాలి" అన్నారావిడ.

ఆ తర్వాత కూడా సుభద్రగారు చాలాకాలం ఆ ఇంట్లోనే ఉన్నారు. చివరికి ఆ టీపాట్ నాకిచ్చారు. సాయమంటే అవతలివాళ్ల పనిలో చొరబడటమేనని నేను అంతవరకూ అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆఫీస్ మీటింగ్‌లో కొత్తగా చేరినావిడ మాట కోసం తడుముకుంటే, నా నాలుక చివర పదం సిద్ధంగా ఉంటుంది. నోరు మూసుకోవడం నా ఒంటికి పడని పథ్యం, చెమటలు పడతాయి. అయినా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. ఆవిడ ఆ మాట తనే వెతుక్కుంటుంది. చాలాసార్లు నేను అందించబోయిన దానికంటే మంచిది.