నానమ్మని బాత్రూంలో దాచిన డిసెంబరు

ఇప్పుడు మేముండే వైశాలి నగర్‌లో గోడ మీద పోస్టరు అంటిస్తున్నవాడి బకెట్లోంచి ఉడికిన మైదా జిగురు వాసన వస్తే చాలు, ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. తొంభైల్లో, ఖుర్సీపార్‌లోని మా ఇంట్లో, ఆ జిగురుతోనే వెదురు పుల్లలకి ఎర్ర కాగితం అంటించి క్రిస్మస్ నక్షత్రం చేసేవాళ్ళం. పక్కన నానమ్మ గులాబీ పువ్వుల అచ్చుని పిండిలో ముంచి కాగే నూనెలో విదిలిస్తుంటే, ఉక్కు ప్లాంటు పొగలో నానిన చలిగాలి కూడా తియ్యగా ఉండేది.

నక్షత్రం మాత్రం వీధివైపు కాదు, పెరట్లోనే వేలాడేది. ప్లాంటు కాగితాల్లో నాన్న అప్పారావు, చర్చిలో యోహాను. నేను బడిలో లక్ష్మి, చర్చిలో మార్త. మతం మారామని తెలిస్తే కులం సర్టిఫికెట్టు, దాని వెనకే నౌకరీ పోతాయని నాన్న భయం. అందుకే ప్లాంటువాళ్ళెవరైనా వస్తే బైబిలు బియ్యం డబ్బాలోకి, ఎప్పుడూ స్తుతి పాటలు కూనిరాగం తీసే నానమ్మ బాత్రూంలోకి వెళ్ళేవి. అవును, వస్తువుల్లాగే. డెబ్బై ఏళ్ళ మనిషిని బోర్లించిన బకెట్ మీద కూర్చోబెట్టేవాళ్ళు, బయట గడియ పెట్టి మరీ.

నేనేమో కోతలకి పేరుమోసినదాన్ని. ఎర్రగా కాలిన ఇనప దిమ్మ మీద మా మావయ్య నలభై అట్లు పోశాడనీ, కుమ్హారి స్టేషను దగ్గర రైలు ఆపి డ్రైవరు నన్ను కూత వెయ్యమన్నాడనీ చెబితే వీధంతా నోరు తెరుచుకు వినేది.

ఆ ఏడు క్రిస్మస్ ముందురోజు నాన్న ఫోర్‌మన్, శ్రీకాకుళం ఆయన, చెప్పకుండా వచ్చి గంటసేపు కదల్లేదు. లోపల నానమ్మ దగ్గుతోంది. ఇక నావల్ల కాలేదు. గడియ తీసి, వణుకుతున్న మనిషిని చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి తెచ్చాను.

"మా నానమ్మండి. మీరొచ్చారని దాచినారు. మేం యేసు ప్రభువు బిడ్డలం. నా పేరు మార్త."

ఫోర్‌మన్ పొట్ట పట్టుకు నవ్వాడు. "ఓరి అప్పారావూ, నీ గుంట ఏటి కోతలు కోస్తందిరా. మొన్నేమో మీ బామ్మర్ది దిమ్మ మీద అట్లేసినాడంది."

నాన్నా నవ్వాడు. గండం గడిచిందని కడుపారా నవ్వాడు. నా బతుకులో చెప్పిన మొదటి నిజాన్ని ఇద్దరూ కలిసి టీతో మింగేశారు.

పెరట్లో ఏడుస్తుంటే నానమ్మ వచ్చింది.

"ఏడుస్తావేటే? ఆ బాబు నమ్మితేనేటి మనం దేవుడి బిడ్డలం అవుతాం? మనమెవులిమో ఆయనకెరికే. నువ్వు చెప్పీసినావు. నానింక ఆ గదిలోకెల్లను."

వెళ్ళలేదు. నాన్న బతిమాలాడు, అరిచాడు, అన్నం మానేశాడు. ఎవరొచ్చినా ఆమె ముందుగదిలోనే బియ్యం ఏరుకుంటూ పాడుకునేది. నౌకరీ పోలేదు. అన్నేళ్ళు ఆమెని ఉత్తపుణ్యానికే బంధించారని తెలిశాక నా కోపం రెట్టింపయింది.

ఆ ఇల్లిప్పుడు లేదు. నక్షత్రాలు ప్లాస్టిక్‌వి కొంటున్నాం. గులాబీ పువ్వుల అచ్చు ఏమయిందో, నానమ్మ కూనిరాగం ఏ పాటదో చెప్పేవాళ్ళు లేరు. పోయినేడు నాన్న కూడా పోయాడు. సమాధి రాతి మీద ఏ పేరు చెక్కించాలని పాస్టరుగారు అడిగితే, బాబాయి నా చెవిలో గొణిగాడు: "అప్పారావనే ఎయ్యించమ్మా. పింఛను కాగితాలు ఆ పేరు మీదే ఉన్నాయి గదా."

యోహాను అని చెక్కించాను, వీధిలోంచి కనబడేటంత పెద్ద అక్షరాలతో.