సాంబయ్య బాబాయ్ ట్రాక్టరు అసలు రంగు

ఎనిమిదో తరగతి దాకా నా పరీక్ష కాగితాల్లో నేను రాసిన నీలం కంటే మాస్టారు గీసిన ఎరుపే ఎక్కువ కనిపించేది. రంగుల మీద నాకు గురి అక్కడే కుదిరి ఉంటుంది. నన్ను తొమ్మిదిలోకి పంపడం మాస్టారికిష్టం లేదు, వెళ్లడం నాకూ ఇష్టం లేదు. మా ఇద్దరికీ అభిప్రాయం కలిసింది ఆ ఒక్క విషయంలోనే. అప్పటినుంచీ తెనాలిలో లారీలకూ ట్రాక్టర్లకూ రంగులు వేస్తున్నాను.

ఇది రెండువేల ఇరవై రెండు వేసవి మాట. కొలకలూరు వెళ్లే రోడ్డు పక్కన నా షెడ్డు. ఒక ఉదయం లారీ మీంచి ఓ పాత ట్రాక్టరు దిగింది. వెనక చక్రాలు పెద్దవిగా ఉండబట్టి ట్రాక్టరని గుర్తుపట్టాను గానీ, మిగతాదంతా తుప్పే. దానితోపాటు రేపల్లె దగ్గర పల్లెనుంచి సాంబయ్య బాబాయ్, ఆయన భార్య సీతారత్నం పిన్ని వచ్చారు. మాకు చుట్టరికమేమీ లేదు. వరస కలుపుకున్నాం, అంతే.

వాళ్ల ఊరికి మొదటి ట్రాక్టరు అదేనట. పెళ్లయిన కొత్తలో బాబాయ్ కొన్నాడు. వరసగా పంటలు మునిగిపోతే వాడరేవులో పడవల్ని ఒడ్డుకు లాగేవాళ్లకు అమ్ముకున్నాడు. ముప్పై ఏళ్లకు పైగా అది ఉప్పునీళ్లలో నానింది. పాత ఇనుముకింద తూకానికి పోతోందని తెలిసి, వెళ్లి వెనక్కి తెచ్చుకున్నాడు.

"ఇంజను బాగుచేయించాను అబ్బాయ్. ఏరువాక పున్నమికి దీన్ని చేలో దించాలి. నేను కొత్తగా తెచ్చుకున్న రోజు ఎట్టా ఉందో అట్టా ఉండాలి. దగ్గరదగ్గరగా ఉంటే కుదరదు. పోయేలోగా ఒక్కసారి ఆ రంగు చూడాలి."

"ఏ రంగు బాబాయ్?"

"నీలం."

"పావురాయి రంగు," అంది పిన్ని.

"నువ్వుండవే. నెమలి మెడలాగుండేది. ఊరంతా వచ్చి చూశారు."

పాత బండి అసలు రంగు కనిపెట్టడానికి మాకో పద్ధతి ఉంది. వాటర్ పేపరు, అంటే నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితంతో, రూపాయి బిళ్లంత మేర గుండ్రంగా రుద్దితే పాత పొరలన్నీ ఒకదానిలోపల ఒకటి బయటపడతాయి, ఉల్లిపాయ అడ్డంగా కోసినట్టు. బానెట్ మీద రుద్దాను. పైన ఆకుపచ్చ, లోపల ఎరుపు, ఇంకా లోపల మళ్లీ ఆకుపచ్చ, ఆ తర్వాత తుప్పు. వాడరేవువాళ్లు పడవకు వేయగా మిగిలిందల్లా దీనికి పూసేశారన్నమాట. ఇక ఎండ తగలని చోటు, బ్రష్షు దూరని చోటు వెతకాలి. డీజిలు ట్యాంకును పట్టి ఉంచే ఇనుప పట్టీ ఊడదీస్తే దాని కింద బొటనవేలంత రంగు దొరికింది. ఆ రంగు కింద రెడాక్సైడ్ ప్రైమరు ఉంది. తుప్పు పట్టకుండా అన్నిటికంటే ముందు వేసే పూత అది. దాని మీద నేరుగా కూర్చున్నదే కంపెనీ రంగు.

బూడిదలో కాస్త నీలం కలిపినట్టుంది.

పిన్ని వంగి చూసి, "చెప్పానా," అంది. ఆమె పుట్టిల్లు చీరాల. ఇంట్లో మగ్గాలు. నూలుకు రంగులద్దడం చూస్తూ పెరిగిన మనిషి.

బాబాయ్ ముఖం వాడిపోయింది. "ఇది మడ్డి అబ్బాయ్. డీజిలు కారి కారి చచ్చిపోయిన రంగు. దీన్ని చూడ్డానికా ఊరంతా వచ్చింది?"

నిజమే అనిపించింది. డీజిలు రంగును చంపుతుందని మా పనిలో అందరికీ తెలుసు. పైగా ఆ బండి కొత్తగా ఉన్నప్పుడు దానిమీద కూర్చున్న మనిషి ఎదురుగా ఉన్నాడు. టింటరు, అంటే షేడు మార్చడానికి చుక్కలుగా వేసే చిక్కటి రంగు, తీసి కలపడం మొదలుపెట్టాను. రేకు ముక్క మీద పూసి చూపిస్తే, "ఇంకా నీలం," అనేవాడు. ఇంకో చుక్క. "ఇంకా."

"నీలిమందు చేస్తున్నారయ్యా దాన్ని," అంది పిన్ని.

"పిన్నీ, ఇది చీర కాదు, ట్రాక్టరు," అన్నాను. నా జోకుకు నేనే నవ్వుకున్నాను కూడా.

చివరికి ఒక ముక్క చూసి బాబాయ్ పైపంచెతో కళ్లు ఒత్తుకున్నాడు. "ఇదే అబ్బాయ్. ఇదే."

ఇక అనుమానమేముంది. పాత పొరలన్నీ గీకి, ప్రైమరు వేసి, సొట్టలకు పుట్టీ పెట్టి, స్ప్రే గన్నుతో కొట్టేశాను. ఎంత నీలమంటే, రోజూ షెడ్డు ముందు పడుకునే కుక్క దాన్ని చూసి చోటు మార్చుకుంది.

కొన్నాళ్లకు బాబాయ్ నల్లకళ్లద్దాలతో వచ్చాడు. బాపట్లలో కంటి ఆపరేషన్ అయిందట. రెండు కళ్లకూ శుక్లాలే, ముందు కుడికన్ను చేశారు. ఆయనకు శుక్లాలున్న సంగతి నాకు తెలియడం అప్పుడే. పెళ్లికూతురి ముందు తెర తీసినట్టు టార్పాలిన్ లాగాను. ఆయన అద్దాలు తీసి చాలాసేపు చూశాడు.

"నా బండేది?"

"ఇదే బాబాయ్."

"నేను ఒప్పుకున్న రంగు ఇది కాదు. మార్చేశావు."

ఆయన ఒప్పుకున్న రేకు ముక్క తెచ్చి బానెట్ పక్కన పెట్టాను. వెంట్రుకవాసి తేడా లేదు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ముక్క కూడా మార్చావు."

రంగు బాగోలేదన్నవాళ్లున్నారు గానీ, నన్ను దొంగ అన్నవాళ్లు అప్పటిదాకా లేరు. అప్పుడు పిన్ని ముందుకొచ్చింది.

"కుడికన్ను మూసి చూడు."

మూశాడు. "ఇదీ. ఇదే నా బండి."

"ఇప్పుడు అది తెరిచి ఎడమది మూయి."

మూశాడు. నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. మళ్లీ కుడి మూశాడు, మళ్లీ ఎడమ. బండి ఒకటే. ఒక్కో కంటికి ఒక్కో రంగు.

"డాక్టరమ్మ ముందే చెప్పింది," అంది పిన్ని. "శుక్లం పసుపుపచ్చ గాజు అడ్డంపెట్టినట్టట, నీలాన్ని మింగేస్తదట. మెల్లగా కమ్ముకుంటది కాబట్టి మనిషికి తెలియదట. ఆపరేషనయ్యాక ఇంటికొచ్చి, నా చీరలన్నీ మార్చేశానని నాతోనూ తగువేసుకున్నాడు."

తనకు గుర్తున్న నీలం శుక్లం కమ్మిన కళ్లకు ఆనాలంటే, ఆయనకు దానికి రెట్టింపు నీలం కావలసి వచ్చింది. నేను చుక్క చుక్కగా పోసిందంతా ఆ శుక్లానికే.

బాబాయ్ ట్రాక్టరు మెట్టు మీద కూలబడ్డాడు. "అయితే ఇన్నేళ్లూ నేను చూసిందంతా..." అని ఆపేశాడు. తర్వాత ట్యాంకుకేసి చూసి, "ఆ పట్టీ కిందది ఉందా, చెరిపేశావా?" అని అడిగాడు.

ఉంది. దొరికిన అసలు రంగు మీద గన్ను కొట్టను, టేపు వేసి ఉంచుతాను. పట్టీ విప్పి, టేపు తీశాను. ఎడమకన్ను చేత్తో మూసుకుని, దాదాపు ముక్కు తగిలేలా వంగి చూశాడు. వేలు పెట్టి తడిమాడు.

"పావురాయి రంగే," అన్నాడు. పిన్ని ఈసారి "చెప్పానా" అనలేదు. నాకు ఆ రోజు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది అదే.

నీలమంతా మళ్లీ రుద్దేసి, ఈసారి ఆ బొటనవేలంత రంగు పక్కనే ముక్క పెట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో చూస్తూ కలిపాను. ఏరువాక పున్నమికి నేనూ వాళ్ల పల్లె వెళ్లాను. డాక్టరు సరేనన్నాక బాబాయ్ సీటెక్కాడు. ఎడమకన్ను గట్టిగా మూసుకుని, బానెట్‌కేసి చూసుకుంటూ నడిపాడు. దున్నిన చాలు వంకరపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

అప్పటినుంచీ పాత బండి వస్తే రంగేమిటో ముందు ఇనుమునడుగుతాను, ఆ తర్వాతే మనిషిని. ఆ రోజు చేను గట్టు మీద పులిహోర తింటూ పిన్నితో అదే అన్నాను. "ఇకమీదట కంటి డాక్టరు దగ్గర చూపించుకుని వచ్చినవాళ్లకే రంగు కలుపుతాను పిన్నీ."

ఆమె నా ఆకులో ఇంకో ముద్ద పెట్టింది. "మీ బాబాయ్ కంటికైతే బాపట్లలో ఆపరేషన్ చేశారు నాయనా. నేను నీ షెడ్డులోనే నిలబడి మొత్తుకున్నాను, నీ చెవులకు ఎక్కడ చేస్తారో కనుక్కో."