లక్కే అవ్వ సానరాయి చుట్టూ పన్నెండు మంది

సుక్కా బొటనవేలు తెగింది లక్కే తప్పు వల్ల కాదు. ఆ సంగతి బడికి తెలుసు, ఊరికి తెలుసు, తెగిన వేలికీ తెలుసు. కాగితానికి మాత్రం తెలియదు.

బస్తర్ దక్షిణపు కొసన తర్లగూడ రోడ్డు వదిలి అడవి దారిలో నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే ఒక చిన్న ప్రాథమిక బడి వస్తుంది. లక్కే అక్కడ తొమ్మిదేళ్ళు మధ్యాహ్న భోజనం వండింది. దోర్లా తెగ ఆడమనిషి, యాభై దాటిన వయసు. రెండేళ్ళ కిందట ఒకరోజు ఎవరో అతిథులు వస్తున్నారని అప్పటి పెద్ద గురుజీ, అంటే హెడ్మాస్టరు, కంగారుపడి, గుమ్మడికాయలు తొందరగా తరగాలంటూ రెండో తరగతి పిల్లల్ని వంటింట్లోకి తోలాడు. లక్కే వద్దంది. ఆయన వినలేదు. ఏడేళ్ళ సుక్కా చేతికి దొరికింది బడి వంటింట్లో ఏళ్ళ తరబడి సాన ఎరగని మొద్దు కత్తి. అది గుమ్మడి తొక్క మీద జారి ఎడమచేతి బొటనవేలిలోకి దిగింది.

సాయంత్రానికల్లా హిందీలో ఒక కాగితం తయారైంది. వంటమనిషి నిర్లక్ష్యం వల్ల జరిగిందని అందులో ఉంది. చదువు రాని లక్కే దాని మీద వేలిముద్ర వేసింది. మర్నాడు వంటకు వేరే మనిషి వచ్చింది. నెల తిరగకముందే ఆ గురుజీ బదిలీ మీద హాయిగా వెళ్ళిపోయాడు.

లక్కే ఎవరినీ ఏమీ అనలేదు. నోరు లేక కాదు. ఆమెకు నాలుగు భాషలు వచ్చు: దోర్లీ, గోండీ, తెలుగు, సంతలో బేరమాడేంత హిందీ. ఆ నాలుగింట్లో ఏ ఒక్కదాంట్లోనూ ఆ రోజు ఏం జరిగిందని ఆమెను అడిగినవాళ్ళు లేరు.

మరుసటి వేసవిలో పచ్చి మామిడి పని మొదలైంది. ఈ వైపు ఊళ్ళలో మామిడి తొక్క తీసి, చెక్కలు కోసి, ఎండబెట్టి అమ్చూరు అనే పుల్లటి పొడి కోసం సంతకు వేస్తారు. ఇంటిల్లిపాదీ కోస్తారు. పిల్లలు కోయరని ఎవరైనా అంటే వాళ్ళు ఏప్రిల్లో ఈ వైపు రాలేదని అర్థం. సుక్కా మాత్రం కోయలేకపోయాడు. కత్తి కనబడితే చాలు, ఎడమచేతిని చంకలో దాచుకునేవాడు. తోటి పిల్లలు వాణ్ణి గుమ్మడోడా అని పిలవడం మొదలుపెట్టారు.

లక్కే ఒకరోజు వాణ్ణి తన వాకిట్లోకి పిలిచి కూర్చోబెట్టింది. చేతికి కత్తి ఇవ్వలేదు. కత్తి ఆకారంలో చెక్కిన వెదురు బద్ద ఇచ్చింది. మూడు వారాలు ఆ బద్దతోనే పని. చేతులు రెండు పక్కలకూ చాచి చుట్టూ తిరగాలి. ఎవరికైనా తగిలితే ఆ చోటు పనికిరాదు, జరిగి కూర్చోవాలి. కాయను పట్టిన చేతి వేళ్ళు, పిల్లి గోళ్ళు ముడుచుకున్నట్టు లోపలికి ముడవాలి. కత్తి పట్టుకుని లేవకూడదు, నడవకూడదు, తిరిగి చూడకూడదు. ఎవరైనా పిలిస్తే ముందు కత్తి కింద పెట్టాలి, తర్వాతే పలకాలి.

అన్నిటికన్నా గట్టి నియమం ఇంకొకటి. కత్తిని చేతిలోంచి చేతికి ఇవ్వకూడదు. అలా ఇస్తే ఇద్దరికీ కొట్లాట వస్తుందని మన ఇళ్ళల్లో పెద్దలు అంటారు. చదువుకున్నవాళ్ళం దాన్ని మూఢనమ్మకమని నవ్వేసి వదిలేశాం. లక్కే వదల్లేదు. ఆమె పిల్లలకు నేర్పింది ఇది: కత్తిని నేల మీద పెట్టు, పిడి ఎదుటివాడి దిక్కు తిప్పు, నీ చెయ్యి వెనక్కి తీసుకో, అప్పుడు వాడు తీసుకుంటాడు. ఒక్క క్షణం కూడా రెండు చేతులు ఒకే కత్తి మీద ఉండవు. ఎంత తెలివైన ఆచారమో చూడండి.

మూడు వారాల తర్వాత సానరాయి వచ్చింది. గోదారి ఒడ్డు నుంచి తెచ్చుకున్న నున్నటి రాయి. నీళ్ళు చల్లి, పడుకోబెట్టినంత వాలుగా కత్తి ఆనించి, అంచును ఒంటికి దూరంగా తోయాలి. పది తోపులు ఈ పక్క, పది తోపులు ఆ పక్క. కత్తి సర్రుమనాలి, గర్రుమంటే వాలు తప్పినట్టు. పదును చూడటానికి వేలు వాడితే ఆ రోజుకు వాడు బయటికే. పదును చూడాల్సింది మోదుగాకు మీద. ఆకు నలగకుండా చీలిందా, పాసయ్యావు.

సుక్కా మొదటిసారి ఆకు చీల్చిన రోజు ఊరంతా పరుగెత్తుకుంటూ చెప్పుకున్నాడు. ఆకు పట్టుకుని పరుగెత్తాడు, కత్తి వాకిట్లోనే కింద పెట్టి! ఆ విషయం లక్కే నాకు రెండుసార్లు చెప్పింది. వారం తిరిగేసరికి గుమ్మడోడా అన్నవాళ్ళే వచ్చి వాకిట్లో కూర్చున్నారు.

బడికి కొత్తగా వచ్చిన శివప్రసాద్ గురుజీ భోపాలపట్నంలో దుకాణం నడిపే ఇంటివాడు. పిల్లల చేతుల మీద గాట్లు తగ్గడం ఆయన కంట్లో పడింది. కారణం ఆరా తీసి తిన్నగా లక్కే ఇంటికి వెళ్ళాడు. శనివారాలు పుస్తకాల సంచి లేని బడి కదా, ఆ రోజు మీరొచ్చి పిల్లలకు నేర్పండి అని అడిగాడు. తనను తోలేసిన వాకిట్లోకే మళ్ళీ రావాలా అని లక్కే అనలేదు. రాయి నేను తెచ్చుకుంటా, నీళ్ళు మీరు పెట్టండి అంది.

పన్నెండు మంది పిల్లలు, పన్నెండు కత్తులు. ఈ ఏడాది చలికాలమంతా బాగా జరిగింది. అప్పుడు కిరాణా భూషణం, బడి సమితి అధ్యక్షుడు, పై ఆఫీసుకు ఒక అర్జీ పంపాడు. బడిలో పిల్లలకు కత్తి శిక్షణ ఇస్తున్నారని రాశాడు. నక్సలైట్ల పేరు మోగే బస్తర్‌లో ఆ మాట కాగితం మీద పడితే ఎంత పొగ లేస్తుందో వేరే చెప్పాలా? ఏప్రిల్ మొదటి శనివారం ఒక అధికారి జీపులో దిగాడు. రాయ్‌పూర్ వైపు మనిషి, హిందీ తప్ప మరో భాష రాదు. ఒక్క చుక్క రక్తం కనబడినా ఈ క్లాసు ఇవాళే బంద్ అని దిగుతూనే చెప్పేశాడు.

పిల్లలు వలయంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో మామిడికాయల గుట్ట. లక్కే ఒక మూల నిలబడింది, చేతులు కొంగులో చుట్టుకుని. అధికారి ముందుకు వంగి ఒక కత్తి తీసి, మొన ముందుకు ఉండేలా, ఎనిమిదేళ్ళ పొజ్జేకి అందించాడు. పొజ్జే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. ఆయన మళ్ళీ చాచాడు. పిల్ల కదల్లేదు.

"సారు ఇస్తుంటే తీసుకోవేంది పిల్లా?" అన్నాడు భూషణం.

"కింద పెట్టమను పెద్దయ్యా," అంది పొజ్జే. "చేతిలోంచి చేతికి ఇయ్యొద్దు. పిడి నా దిక్కు తిప్పమను."

శివప్రసాద్ ఆ మాటను హిందీలో చెప్పాడు. అధికారి ఆ పిల్ల వంక చూశాడు. తర్వాత గొంతుకూర్చుని కత్తి నేల మీద పెట్టి, పిడి తిప్పాడు. చెయ్యి వెనక్కి తీసుకునేదాకా పొజ్జే ముట్టుకోలేదు.

ఇక కోత మొదలైంది. ఏం చేతులవి! సర్రు సర్రున తొక్కలు రాలుతున్నాయి, తెల్లటి చెక్కలు చేటల్లో పడుతున్నాయి, మామిడి సొన వాసన వాకిలంతా నిండింది. సగం గుట్ట అయ్యేసరికి సుక్కా చేతులు సొనతో జిడ్డు కట్టాయి. కత్తి పిడి జారింది.

సుక్కా రెండు చేతులూ పైకెత్తాడు, కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. నేర్చుకున్నది అదే: జారిన కత్తిని పట్టుకోవద్దు, పడనీ. కానీ వాడి పక్కనే నిలబడ్డ భూషణం అయ్యయ్యో అంటూ వంగి దాన్ని పట్టుకోబోయాడు. పన్నెండు గొంతులు మూడు భాషల్లో వద్దని అరిచాయి. అప్పటికే ఆలస్యమైంది. కత్తి నేల మీద పడింది. భూషణం చూపుడువేలి మీద ఎర్రటి గీత.

సుక్కా చేతులు కడుక్కుని వచ్చి శుభ్రమైన గుడ్డతో ఆ వేలిని గట్టిగా నొక్కి పట్టుకున్నాడు.

"గుండె కంటే పైకెత్తి పెట్టు తాతా, ఆగుతది," అన్నాడు.

అధికారి లక్కే వైపు తిరిగాడు. రక్తం వచ్చింది కదా, దీనికి ఎవరు జవాబు చెబుతారని అడిగాడు.

లక్కే కొంగులోంచి చేతులు బయటికి తీసింది. ఈసారి ఎవరూ అనువదించలేదు, తనే హిందీలో చెప్పింది. "ఆయన నా క్లాసుకు రాలేదు సార్."

ముందు నవ్వింది జీపు డ్రైవరు. తర్వాత అధికారి. తర్వాత, వేలు పైకెత్తుకునే ఉన్న భూషణం. "ఈ ముసల్ది నన్ను కూడా కూర్చోబెట్టేట్టుంది," అన్నాడు. వచ్చే శనివారం రా సేటు, వెదురు బద్ద ఇస్తా అంది లక్కే.

అధికారి తనిఖీ పుస్తకంలో అక్కడే రాశాడు: ఈ సెలవుల దాకా క్లాసు నడవొచ్చు. ఆ తర్వాత సంగతి చెప్పడం తన చేతుల్లో లేదన్నాడు. జూన్‌లో బడి తెరిచాక కొనసాగాలంటే, ఇంకో నాలుగు బడులైనా మాకూ ఇది కావాలని సమితుల తీర్మానాలు పంపాలి. ఒక్క బడి అడిగితే వింత, ఐదు బడులు అడిగితే అవసరం అన్నాడు. ఇందులో ఆయనతో నాకు పేచీ లేదు.

కాబట్టి ఇది చదివే మీతోనే పని. తర్లగూడ, భోపాలపట్నం, కోంటా, దోర్నపాల్, సుక్మా, మీరెక్కడున్నా మీ ఊళ్ళో ఒక బడి ఉంది, దానికో సమితి ఉంది, అందులో మీ ఇంటి మనిషో పక్కింటి మనిషో ఉన్నారు. మే నెల సమావేశానికి వెళ్ళండి. కత్తి ముట్టుకోవద్దు అని పిల్లలకు చెప్పడం సులువు, కానీ వాళ్ళు రేపే మామిడి గుట్ట ముందు కూర్చుంటారని లేచి చెప్పండి. శనివారం కత్తి క్లాసు కావాలని తీర్మానం రాయించండి. నేర్పే మనిషి పేరు దగ్గర, మీ ఊళ్ళో తెలిసినవాళ్ళు లేకపోతే, లక్కే అని రాయండి. వస్తానని చెప్పింది, బస్సు ఎక్కించే బాధ్యత మీది. సంతకాలు పెట్టించి జూన్ మొదటి వారంలోపు పై ఆఫీసుకు చేర్చండి. ఇంకా నాలుగు తీర్మానాలు కావాలి.