ఎదురు కుడి

మా వదినని ఇంట్లో ఎవరూ పేరు పెట్టి పిలవరు. అన్నయ్య "ఇదిగో" అంటాడు, అమ్మ "ఏమమ్మా" అంటుంది, నాకు వదిన. యూనివర్సిటీలో మాత్రం అందరూ ఆంటీ అనేవాళ్లు. నిన్నగాక మొన్న ఇంటర్ పూర్తిచేసిన పిల్లల మధ్య ముప్పై దాటిన మనిషి వచ్చి కూర్చుంటే ఇంకేమంటారు!

వదిన చిన్నప్పుడు ఒక సైకిల్ షాపు మీది గదిలో డాన్సు నేర్చుకుంది. వాళ్ల మాస్టారు పిల్లలకి వీపు పెట్టి నిలబడి ఆడేవారట. వెనక నిలబడి ఆయన పాదాలు చూస్తూ ఆడటమే వీళ్ల చదువు. "ఆయన మొహం సరిగ్గా గుర్తులేదు గానీ, మడమలు చూపిస్తే వెయ్యిమందిలో గుర్తుపడతా" అని నవ్వేది. పెళ్లయ్యాక కూడా ఆట మానలేదు. గిన్నెలు తోముతున్నా పాదం మాత్రం తాళం వేస్తూనే ఉండేది.

మా వీధి చివరి స్కూల్లో డాన్సు టీచరు కావాలంటే వెళ్లి అడిగింది. హెడ్మిస్ట్రెస్ ఆడించి చూసింది, మెచ్చుకుంది. "నీకు డాన్సు వచ్చమ్మా. కానీ డాన్సు చెప్పే డిగ్రీ కావాలంటారు పైవాళ్లు. అది తెచ్చుకో. అప్పటిదాకా ఎవరో ఒకరితో నెట్టుకొస్తాం" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని వదిన యూనివర్సిటీలో చేరింది.

"కాళ్లాడించడానికి కూడా కాలేజీయా! రేపు నడవడానికీ పరీక్ష పెడతారు" అని అమ్మ సాగదీసింది.

"పెడితే మీరే ఫస్టు అత్తయ్యా, వీధి వీధంతా తిరిగొస్తారుగా" అంది వదిన. అమ్మకి నవ్వొచ్చింది గానీ, మొహం అటు తిప్పుకుంది.

ఆ చదువులో మొదట నేర్పింది పిల్లలకి ఎదురుగా నిలబడటం. టీచరు ఎదురుగా ఉంటే ఆమె కుడి పిల్లలకి ఎడమవైపు కనిపిస్తుంది. అందుకని నోటితో "కుడి" అంటూ తను ఎడమ చెయ్యి ఎత్తాలి. అప్పుడు పిల్లలు చూసిందీ విన్నదీ ఒకటే అవుతుంది. వదిన దీనికి ఎదురు కుడి అని పేరు పెట్టింది. చిన్నప్పటి నుంచీ మడమలు చూసి నేర్చుకున్న మనిషికి అది కొరుకుడు పడలేదు. ఇంట్లో నన్ను నిలబెట్టి సాధన చేసేది. అమ్మ మంచం పట్టినప్పుడు తొమ్మిదో క్లాసులో బడి మానేసిన నన్ను మళ్లీ క్లాసులో నిలబెట్టింది వదినే. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు, కానీ వంటింటి గడపకీ బీరువాకీ మధ్య ఎంత చెప్తే అంత ఆడేదాన్ని.

చివరికి అది వదిన ఒంట్లో ఇంకిపోయింది. ఎంతగా అంటే, ఎదురుగా మనిషి మొహం కనిపిస్తే చాలు, చేతులు వాటంతట అవే తిరగబడేవి. ఒకరోజు నాతో కలిసి ఆటో ఎక్కి, అద్దంలో డ్రైవరు మొహం చూస్తూ "కుడికి తిప్పు బాబూ" అని ఎడమకి చూపించింది.

అతను బండి ఆపేశాడు. "అమ్మా, మీ నోటి మాట వినమంటారా, చేతి మాటా?"

ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాం.

ఆఖరి పరీక్ష పాఠం చెప్పడం. పక్క బడి నుంచి పిల్లల్ని తెచ్చి నిలబెడతారు, వాళ్లకి అప్పటికప్పుడు ఒక కొత్త ఆట నేర్పాలి. అన్నయ్య తన సరుకుల వ్యానులో దింపి వెళ్లాడు. స్పీకరు మోసుకుని నేను వెంట వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. పొడుగాటి హాలు, ఒక గోడంతా అద్దం. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఒకావిడ, పక్కన వదిన వాళ్ల లెక్చరరు.

వదిన అలవాటు ప్రకారం పిల్లలకి ఎదురుగా నిలబడింది. ఎగ్జామినరు చెయ్యి ఊపింది. "ఎదురుగా వద్దమ్మా. ఇంత అద్దం పెట్టుకుని ఎందుకూ? అటు తిరిగి చెప్పు."

వదిన అద్దం వైపు తిరిగింది. ఇప్పుడు పిల్లలు ఆమె వెనక ఉన్నారు, కుడి అంటే అందరికీ కుడే. చిన్నప్పుడు నేర్చుకున్న పద్ధతే. కానీ అద్దంలో అన్ని మొహాలూ ఆమెనే చూస్తున్నాయి. "కుడి" అంది. లేచింది ఎడమ చెయ్యి.

విన్నవాళ్లు కుడికి వెళ్లారు, చూసినవాళ్లు ఎడమకి వెళ్లారు. ఇద్దరు పిల్లల తలలు ఠంగుమన్నాయి. ఒకడు పగలబడి నవ్వాడు. వదిన "ఆగండి, మళ్లీ" అంది. మళ్లీ అదే. సరిదిద్దుకోబోయి ఈసారి "ఎడమ" అంది, కుడి చెయ్యి లేచింది. కంగారులో కాళ్లూ చేతులూ ఆడలేదని అందరం ఊరికే అంటుంటాం. ఆ మాటని నేను కళ్లారా చూశాను.

"ఏమ్మా, నీకు కుడీ ఎడమా తెలియవా?" అంది ఎగ్జామినరు. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

వదిన తన రెండు చేతులూ చూసుకుంది. ఆ పద్ధతి నేర్పిన లెక్చరరు పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది. నాకు ఎక్కడ లేని తెగువా వచ్చి రెండడుగులు లోపలికి వేశాను. "మేడం, తనకి... అద్దంలో మొహాలు..."

"ఎవరమ్మాయ్ నువ్వు? విద్యార్థివా?"

"కాదండి. ఆడపడుచుని."

పిల్లలు మళ్లీ నవ్వారు. అటెండరు వచ్చి నన్ను బయటికి పంపి తలుపు వేశాడు. లోపల వదిన గొంతు ఇంకాస్త వినిపించింది, తర్వాత వినిపించలేదు.

ఆడటంలో వదినకి క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు. చెప్పడంలో తప్పింది. మళ్లీ పాఠం చెప్పాలంటే వచ్చే ఏడాదే. ఇంకొక్క అవకాశం ఇమ్మని అడిగితే, "ఒకరికి ఇస్తే అందరికీ ఇవ్వాలి" అన్నారు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అద్దం మీదకి నెడుతున్నారా?" అంది అమ్మ.

"ఆడగలను అత్తయ్యా. చెప్పలేకపోయాను" అంది వదిన. అమ్మ "తిన్నావా?" అని అడిగింది.

అన్నయ్య స్కూలుకి వెళ్లి బతిమాలాడు. హెడ్మిస్ట్రెస్ కూడా బాధపడిందట. డిగ్రీ లేనిదే కుదరదు, ఇక ఆగడానికీ లేదు. వదినతో చదివిన అమ్మాయినే తీసుకున్నారు. "మూతి చూసుకునేంత అద్దం కూడా లేదే ఆ స్కూల్లో!" అని అన్నయ్య చొక్కా విప్పి కుర్చీ మీదకి విసిరాడు. ఎవరి మీద కోప్పడాలో అతనికి తెలియలేదు. మాకూ తెలియలేదు.

స్కూలు తెరిచే ముందు ఆ అమ్మాయి మా ఇంటికొచ్చింది. గుమ్మంలోనే చెప్పులు విప్పకుండా నిలబడి, "ఆంటీ, తిడతారేమో... చిన్నపిల్లలకి ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో నాకు తోచడం లేదు" అంది. కళ్లలో నీళ్లున్నాయి. వంటింట్లో అమ్మ గిన్నె ఒకటి దబ్బున పెట్టింది.

వదిన కుర్చీలు గోడకి జరిపింది. "అక్కడ నిలబడు. ముందు నువ్వు పిల్లవి, నేను టీచర్ని. తర్వాత మార్చుకుందాం."

మొదలుపెట్టాక వదిన గొంతు స్థిరపడింది. ఒక్క తప్పు లేదు. నేను గోడకానుకుని చూస్తున్నాను. బయట వ్యాను ఆగిన చప్పుడైంది గానీ అన్నయ్య లోపలికి రాలేదు. వెళ్లి చూస్తే స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. మా కిటికీ లోంచి అతనికి అంతా కనిపిస్తోంది.

"లోపలికి రా అన్నయ్యా, అన్నం చల్లారిపోతుంది."

"ఆ పిల్ల వెళ్లనీ" అన్నాడు.