పేరుపేరునా ప్రార్థించే మా పెద్దమ్మ

నిన్న పొద్దున మేరీ అక్క ఫోన్ చేసి, పెద్దమ్మ పోయిందని చెబితే నేను నమ్మలేదు.

"వీడియో ఆన్ చేసి చూపించు" అన్నాను.

చూపించింది.

అమ్మ చనిపోయాక నన్ను విడవలూరులో పెంచింది మేరీ అక్కా వాళ్లమ్మే, మా పెద్దమ్మ. ఇప్పుడు నాది ముత్తుకూరు వైపు పోర్టు గేటు దగ్గర లారీల పేపర్లు చెక్ చేసే ఉద్యోగం. ఎవరు కాగితం ఇచ్చినా వెనక్కి తిప్పి కూడా చూస్తాను.

సాయంత్రం ఫ్యామిలీ ప్రేయర్‌లో పెద్దమ్మ అందరినీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పేది. డిమెన్షియా వచ్చాక ఒక్కో పేరూ పోయింది. ముందు మనవళ్లవి. తర్వాత నాది.

ఒక ఆదివారం నేను వెళ్లేసరికి పెద్దమ్మ ముందు ఫోన్. వీడియో కాల్‌లో ఎవరో అమ్మాయి. "అమ్మా, ఈ ఫొటోలో ఎవరు? పేరేంటి? ఎక్కడ పనిచేస్తారు?" అని కూపీ లాగుతోంది.

ఫొటో నాది!

ఇంకేముంది, తర్వాత ఆధార్, ఆ తర్వాత ఓటీపీ అనుకున్నాను. ఫోన్ లాక్కుని, కట్ చేసి, నంబర్ బ్లాక్ చేసేశాను.

అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "నీ అనుమానం పాడుగాను! మాటలు మర్చిపోయినోళ్లకి నేర్పించే ఆమెరా. స్పీచ్ థెరపీ. ఫొటోలు నేనే పంపించినా."

ఫోన్‌లో మాటలు నేర్పడమేంటి? రెండు వారాలు క్లాసులు ఆపించాను. ఆమె సర్టిఫికెట్ తెప్పించుకుని సీలు జూమ్ చేసి చూశాను.

ఆ రెండు వారాల్లో పెద్దమ్మకి అక్క పేరు కూడా పోయింది.

సిగ్గేసి మళ్లీ మొదలుపెట్టించాను. అయినా కెమెరాకి కనపడకుండా పక్కనే కూర్చునేవాడిని. థెరపిస్ట్ జవాబులు అందిస్తోందని నా డౌట్. అందిస్తోంది కూడా! మొదటి అక్షరం పలికి ఆగుతోంది. దొంగ దొరికింది అనుకున్నాను. నేర్పే పద్ధతే అదట.

మొన్న ఆదివారం ప్రేయర్‌లో పెద్దమ్మ "మేరీ" అంది. అక్క ఏడ్చేసింది. నేను కళ్లు మూసుకోలేదు. నా పేరు కోసం ఆమె పెదాల వంకే చూస్తున్నాను.

"ప్రభువా, ఆ ఫోన్ లాక్కున్న పిల్లోడు... వాడి పేరు గుర్తు రావట్లా. అన్నం తిన్నాడో లేదో. వాణ్ణి చల్లంగా చూడు" అంది.

ఆ రెండు వారాలు ఆపకపోతే నా పేరు కూడా వచ్చేదేమో. ఈ ఒక్క అనుమానం నన్ను జన్మలో వదలదు.

నా పేరు సుధాకర్, పెద్దమ్మా. ఇప్పుడే అన్నం తిన్నాను.

నువ్వు ఆ ప్రభువు దగ్గర నిశ్చింతగా నిద్రపో.