మా తోడికోడలు పంపిన మూడు వందల అక్షరాలు

మా తోడికోడలి గురించి ఎవరడిగినా మంచి పిల్ల అంటాను. అనక ఏం చెయ్యను? ఇంట్లో అందరూ అదే అంటారు, ఆఫీసులో అందరూ అదే అంటారు. నేనొక్కదాన్నే కాదంటే లోపం నాలోనే ఉందనుకుంటారు. ఉంది కూడా. ఆమెను చూస్తే నాకు కడుపుమంట. దాచి లాభం లేదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

ఆమె నా మరిది భార్య. ఇంట్లో అందరం చిన్నమ్మాయి అంటాం. మేడ మీద రెండు గదులు వాళ్ళవి, కింద మావి, వంటిల్లు మాత్రం ఒక్కటే. వచ్చిన నెలకే వంటింట్లో డబ్బాలన్నిటికీ చీటీలు అంటించింది. ఏ డబ్బాలో ఏముందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు, నాకెందుకు చీటీలు? అత్తగారు మాత్రం "ఎంత బాగుందే! ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదు" అన్నారు. ఆ 'ఎవరికీ' ఎవరో వేరే చెప్పాలా?

పెళ్ళికి ముందు ఆమె ఒక ప్రభుత్వ కార్యాలయంలో దరఖాస్తులు తీసుకునే కౌంటర్లో నాలుగేళ్ళు కూర్చుంది. అద్దానికి అవతల కోపంగా నిలబడ్డవాళ్ళతో రోజంతా నవ్వుతూ మాట్లాడటం అక్కడే అలవాటైంది. తర్వాత సాయంత్రాలు క్లాసులకి వెళ్ళి నెట్‌వర్కుల కోర్సు పూర్తి చేసింది. ఆ కాగితం చేతికి రాగానే మా ఆయన "మీ సెక్షన్లో ఖాళీ ఉందన్నావుగా" అన్నారు, పేపరు మీంచి తల ఎత్తకుండానే. ఖాళీ గురించి ఇంట్లో వాగినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. మర్నాడు ఆమె దరఖాస్తు నా చేతులతోనే తీసుకెళ్ళి ఇచ్చాను.

మా కంపెనీ రౌటర్లు తయారు చేస్తుంది. ఆస్పత్రుల్లో, బడుల్లో, ఆఫీసుల్లో గోడకి బిగించి ఉండి, పచ్చ దీపాలతో మిణుకుమంటూ గదులన్నిటికీ ఇంటర్నెట్ పంచుతాయే, ఆ పెట్టెలు. అవి బయటికి వెళ్ళేముందు మా టెస్టింగ్ గదికి వస్తాయి. రెండు ఇనుప స్టాండ్లు, వాటి నిండా పెట్టెలు, ఫ్యాన్ల రొద, వేసవిలో కూడా స్వెట్టరు తొడుక్కోవాల్సినంత చలి. అందులో పదకొండేళ్ళుగా నాది కిటికీ పక్క కుర్చీ.

చేరిన వారం తిరక్కుండానే ఒక ఆదివారం భోజనాల దగ్గర అత్తగారు ఆమెను అడిగారు, "అసలు ఏం పరీక్షిస్తారే అక్కడ?" అని.

"దరఖాస్తు ఫారంలో పేరు రాయడానికి గళ్ళుంటాయి కదత్తయ్యా" అంది చిన్నమ్మాయి. "ఒకడు ఆ గళ్ళు దాటి రాసుకుంటూ పోయాడనుకోండి. పక్కనే ఆఫీసరుగారు మంజూరు అనో, కాదనో రాసే చోటుంది. వీడి అక్షరాలు అందులోకి వెళ్ళిపోతాయి. గడుసువాడైతే సరిగ్గా అక్కడ పడేట్టు మంజూరు అని తనే రాసేసుకుంటాడు. ఆఫీసరు చూసుకోకుండా ముద్ర కొట్టేస్తాడు."

"దొంగ వెధవ!" అన్నారు అత్తగారు.

"మా పెట్టెలోనూ అంతే. పేరుకి ఇంత చోటని ఉంటుంది. వచ్చిన పేరు ఎంత పొడుగో కొలవకుండా లోపల రాసేసుకుంటే, మిగిలింది పక్క చోట్లో పడుతుంది. తర్వాత ఏం చెయ్యాలో పెట్టె రాసిపెట్టుకునేది అక్కడే. బయటివాడు అక్కడ తన మాట రాశాడంటే, ఇక పెట్టె వాడు ఆడించినట్టు ఆడుతుంది. అలా కొలవడం మర్చిపోయిన చోటు ఎక్కడైనా ఉందేమోనని వెతకడమే మా పని."

మా భాషలో దాన్ని బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు. పదకొండేళ్ళలో నన్ను ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అత్తగారు నా వైపు తిరిగి "నువ్వు చేసేదీ ఇదేనా పెద్దమ్మాయీ?" అన్నారు. అవునన్నాను. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఆఫీసులో నాకంటూ ఒక్కటుంది, నా టెస్ట్ టూల్. పెట్టెల్ని దానంతటదే పరీక్షించే ప్రోగ్రాము, ఉద్యోగంలో చేరిన ఏడాదే రాశాను. నాలుగు వందల పన్నెండు పరీక్షలు, ఒక్క మీట నొక్కితే నలభై నిమిషాల్లో అన్నీ అయిపోయి, గీత గీసినట్టు నీటుగా రిపోర్టు అచ్చై వస్తుంది. పాత మేనేజరు దాన్ని చూసి మురిసిపోయాడు. కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజే దాని పాస్‌వర్డు ఇస్తాను.

చిన్నమ్మాయికి ఇవ్వలేదు. "ముందు చేత్తో చెయ్యి, పని తెలుస్తుంది" అన్నాను. గొప్ప గురువులా ఉంది కదా మాట? నా ఉద్దేశం అది కాదు. వంటిల్లు పోయింది, అత్తగారు పోయారు, ఇదొక్కటైనా నా దగ్గర ఉండాలనుకున్నాను. ఎప్పుడడిగినా రేపన్నాను, ఎల్లుండన్నాను. ఆమె ఒక్కో పరీక్షా తనే టైపు చేసి పెట్టెకి పంపుకుంటూ, అందరికీ నలభై నిమిషాలు పట్టే పని నాలుగు రోజులు చేసేది. మొహం చిట్లించుకుంటుందేమోనని ఓరకంట చూసేదాన్ని. చిట్లించుకుంటేనా!

ఐదో నెలలో ఆస్పత్రులకి వెళ్ళాల్సిన కొత్త పెట్టె వచ్చింది. మూడో రోజు ఆమె కుర్చీలోంచి "అక్కా, ఇది పడిపోయింది" అంది. పెట్టెకి పేరు పెట్టే చోట అరవై నాలుగు అక్షరాలకే వీలుంది. ఈమె మూడు వందలు పంపిందట. దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయి, పెట్టె మళ్ళీ మొదట్నుంచి లేచిందట.

మా దగ్గర ఒక పద్ధతుంది. ఒకరు చూసిన తప్పు తప్పు కాదు. రెండో మనిషి, రెండో పెట్టె మీద మళ్ళీ రప్పించి సంతకం పెట్టాలి. మేనేజరు ఆ కాగితం నాకిచ్చాడు. ఇస్తూ "ఈ అమ్మాయి ఇదివరకు రెండుసార్లు లేని తప్పు చూపించింది. ఇదీ అంతేనైతే ఉద్యోగం పర్మనెంట్ చెయ్యడం నా వల్ల కాదు" అన్నాడు. అంటే ఆమె ఉద్యోగం నా సంతకం మీద ఆధారపడి ఉంది.

నేను ద్రోహమేమీ చెయ్యలేదు. నా టూల్‌తో మూడు వందల అక్షరాలు పంపాను. పెట్టె చెక్కు చెదరలేదు. మూడుసార్లు పంపాను. మూడుసార్లూ పాస్. 'మళ్ళీ కనబడలేదు' అని రాసి సంతకం పెట్టాను. పెడుతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు కూడా దొరికింది.

ఇంటికొచ్చేసరికి ఆమె బట్టలు మడతపెడుతోంది. ఏడుస్తుందనుకున్నాను, కనీసం ముభావంగా ఉంటుందనుకున్నాను. "మూడుసార్లు చూశావటగా అక్కా. నువ్వు చూశావంటే నేనే ఏదో పొరపాటు చేసుంటాను" అంది, మా ఆయన చొక్కా కూడా మడతపెట్టి నా చేతికిస్తూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఓడిపోవడం కూడా నాకంటే బాగా చేస్తుందా ఈ పిల్ల? ఆ పొరపాటేదో పట్టుకుని అందరి ముందూ విడమరిచి చెబితేగాని నా మంట చల్లారదనిపించింది. మర్నాడు ఉదయం అందరికంటే ముందు వెళ్ళాను. ఆమె నోట్‌బుక్కు తీసి, ఆమె చేసినట్టే, టూల్ జోలికి పోకుండా, మూడు వందల అక్షరాలు నా చేత్తో టైపు చేసి పంపాను.

దీపాలన్నీ ఆరిపోయాయి.

ఇంకో పెట్టె తీశాను. అదీ అంతే. టూల్ తెరిచి పదకొండేళ్ళ కిందట నేను రాసిన వరుసలు ఒక్కొక్కటే చదువుకుంటూ వచ్చాను. దొరికింది. పొడుగాటి పేర్లు రిపోర్టులో రెండో వరుసకి జారి అసహ్యంగా ఉంటున్నాయని, అరవై నాలుగు అక్షరాల దగ్గర కత్తిరించమని రాశాను. అచ్చువేసేముందు కత్తిరించాల్సింది, పెట్టెకి పంపేముందే కత్తిరించాను. రిపోర్టులో మాత్రం మూడు వందలు పంపినట్టే పడుతుంది. ఎంతసేపూ కాగితం నీటుగా ఉందా లేదా అని చూసుకున్నానే తప్ప, పెట్టెకి ఏం చేరుతోందో ఒక్కనాడూ చూసుకోలేదు.

ఆ ఒక్క వరుస మార్చేసి, మళ్ళీ నడిపి, 'లోతుగా చూడగా కనబడింది' అని రాసేస్తే సరిపోయేది. తప్పు పట్టింది నేనే అయ్యేదాన్ని. అబద్ధమెందుకు, మార్చేశాను కూడా. మీట మీద వేలు పెట్టాను. అప్పుడు ఎదురుగా గోడ మీది పట్టిక కనబడింది. ఆ టూల్ పాస్ చేసిన పెట్టెల రకాలు పందొమ్మిది. అవన్నీ ఎక్కడెక్కడి గోడల మీదో, ఏ రోగి మంచం పక్కనో మిణుకుమంటున్నాయి. నేను నోరు మూసుకుంటే వాటిని తిరిగి పరీక్షించేవాళ్ళే ఉండరు.

పది గంటల మీటింగులో లేచి అంతా చెప్పాను. నా సంతకం తప్పన్నాను, చిన్నమ్మాయి చూసింది నిజమన్నాను, పందొమ్మిది రకాలూ మళ్ళీ చూడాలన్నాను. మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"సరే, అది తర్వాత చూద్దాం. మరి ఈ అమ్మాయికి ఎలా దొరికింది? టూల్ అందరికీ మొదటి రోజే ఇస్తారుగా మీరు?"

తోడికోడలంటే కుళ్ళు, అందుకే ఇవ్వలేదని పదిమంది ముందు ఎలా చెప్పడం? తల కొట్టేసినట్టు నిలబడ్డాను.

"అక్కే వద్దంది సార్" అంది చిన్నమ్మాయి. "కొన్నాళ్ళు చేత్తో చేస్తేగాని పని తెలీదని, పట్టుబట్టి నాతో అలాగే చేయించింది. అందుకే దొరికింది."

మేనేజరు మొహం వికసించింది. టూల్ తప్పుకి నాకు అక్షింతలు పడ్డాయి గానీ, ఆ వెంటనే, ఇక మీదట కొత్తవాళ్ళందరూ మొదటి మూడు నెలలూ చేత్తోనే చెయ్యాలని రూలు పెట్టేశాడు. ఆమెను పర్మనెంట్ చేస్తున్నట్టు అక్కడే చెప్పాడు. సోల్డరింగ్ సెక్షన్ పెద్దాయన "శిష్యురాల్ని భలే తయారు చేశావమ్మా" అని నన్ను మెచ్చుకున్నాడు. నాకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది.

మెట్ల దగ్గర ఆమెను ఆపాను.

"నిజంగానే అలా అనుకున్నావా? నేర్పడానికే ఇవ్వలేదని?"

"లేదక్కా" అంది. "అందరికీ ఇచ్చావని రెండో రోజే తెలిసింది. నాకొక్కదానికే ఎందుకివ్వలేదో కూడా తెలుసు."

"మరి అంతమందిలో అలా ఎందుకు చెప్పావు?"

ఆమె చేతిలో ఉన్న టీ కప్పు నాకిచ్చి, చున్నీ సర్దుకుంది. "సాయంత్రం ఇద్దరం వెళ్ళేది ఒకే ఇంటికి కదక్కా."

ఆ మాట ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా ఉంటున్న నాకు ఎందుకు తట్టలేదా అని ఇప్పటికీ కుళ్ళుకుంటూనే ఉన్నాను.