చెప్పులు విప్పి కట్ట చూసిన మనిషి

మా ఇన్‌స్పెక్టర్ గారు పోయారు. శుక్రవారం పొద్దున వాళ్ళ పెద్దబ్బాయి ఫోన్ చేసి, "నాన్న వెళ్ళిపోయారన్నా. మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకెళ్తాం" అన్నాడు. అప్పుడు నేను మైలవరం బస్సులో నిలబడి ఉన్నాను. గొల్లపూడిలో దిగి వెనక్కి తిరిగాను. వించిపేటలో ఆయన ఇంటి ముందు బంధువులు, ఇరుగుపొరుగు ఉన్నారు. మా ఆఫీసు నుంచి నేను తప్ప ఒక్కడూ లేడు. జీవితమంతా అక్కడే పనిచేసిన మనిషి. ఆ కోపం చల్లారక ఇది రాస్తున్నాను.

ఆయన పెద్ద ఆఫీసరేం కాదు, వర్క్ ఇన్‌స్పెక్టరు. వాటర్‌షెడ్ పథకం కింద కొండవాగుల మీద కట్టిన చిన్న చిన్న మట్టికట్టలను వానలకు ముందొకసారి, తర్వాతొకసారి చూడాలి. ఎక్కడ కుంగింది, ఎక్కడ కారుతోంది రిజిస్టరులో రాయాలి. డెల్టాలో ఉండే మీకు ఆ కట్టలు తెలియవు. కాలువ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం, నీళ్ళు బ్యారేజీలోనే పుడతాయనుకుంటాం. నేనూ అంతే. ఉయ్యూరు చెరకు తోటల్లోంచి వచ్చి, పది తప్పి, టేపు పట్టే కూలీగా ఆయన వెనక చేరాను.

మొదటి రోజే కట్ట కింద ఆగి చెప్పులు విప్పారు.

"ఎందుకండీ, ఇదేమన్నా మసీదా?" అన్నాను.

"పైన నడిస్తే కంటికి కనబడేదే తెలుస్తది అబ్బాయ్. కింద, నీళ్ళు లేని వైపు నడువు. చల్లగా తగిలిన చోట ఆగు. నీ బూట్లకేం తెలుసు ఆ సంగతి?"

భోజనం సంచిలో ఒక గాజు గ్లాసు ఉండేది. ఊట కనబడితే ఆ నీళ్ళు పట్టి ఎండకు ఎత్తి చూసేవారు. "నీళ్ళు కారితే భయపడకు. మట్టి కారితే భయపడు." ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. రంజాన్ ఉపవాసాల్లోనూ ఒక్క కట్ట వదిలేవారు కాదు. నేను చాటుకెళ్ళి అన్నం తింటుంటే పిలిచి, "ఇక్కడే కూర్చుని తిను. నా ఉపవాసం నీ క్యారేజీకి భయపడుద్దా?" అనేవారు.

ఒక ముసురు రోజు ఆయన పక్క వాగు మీదకెళ్ళారు. నేనున్న కట్ట అడుగున నీళ్ళు బుగబుగ పొంగాయి. కింద ముప్పై ఇళ్ళున్నాయి. ఊరివాళ్ళను పోగేసి, తట్టలతో బంకమట్టి మోయించి, ఆ బుగ్గ నోరు మూసేశాను. చుక్క కారలేదు. ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. ఇంతలో ఆయన వచ్చారు.

"ఎవరు మూశారు దీన్ని?"

"నేనేనండీ."

"తీయించు."

"ఆగిపోయింది గదండీ."

"ఆగలేదు. లోపల ఇంకో దారి వెతుక్కుంటోంది."

ఒక రైతు పార అడ్డం పెట్టాడు. "మతుండే మాట్లాడుతున్నావా సాయిబూ? ఆపిన నీళ్ళు మళ్ళీ వదులుతావా? కింద మా ఇళ్ళున్నాయ్."

"ఉన్నాయనేనయ్యా ఈ తిప్పలు. ఆడవాళ్ళనీ పిల్లల్నీ బడి దగ్గరికి పంపించు. నువ్వొచ్చి ఇసక మొయ్యి."

మట్టి తీయగానే ఎర్రటి నీళ్ళు ఎగజిమ్మాయి. దాని మీద ముందు ఇసక, తర్వాత సన్న కంకర, ఆ పైన రాళ్ళు పేర్పించారు. నీళ్ళకు దారి ఉంటుంది, మట్టికి ఉండదు. పొద్దు వాలేసరికి గ్లాసులో నీళ్ళు తేటపడ్డాయి. ఆ గ్లాసు రైతు చేతికిచ్చారు.

"ఇక భయం లేదా?" అన్నాడతను.

"ఉంది. రేపు మళ్ళీ చూడాలి."

మర్నాడు రిజిస్టరు నా ముందుకు తోశారు. ఊట వచ్చింది, ఇసక కంకర వేశాం అని రాశాను.

"బంకమట్టి ఏది?"

"ఉద్యోగం పోద్దండీ."

"కింద నా సంతకం కూడా ఉంటది. నీకు చెప్పకుండా వదిలింది నేనే. రేపు నేనుండను. నీలాంటోడే ఇంకొకడొచ్చి మళ్ళీ బంకమట్టే తెస్తాడు. వాడి కోసం రాయి."

రాశాను. నా బతుకులో నిజాయితీగా రాసిన మొదటి వాక్యం అదే. తర్వాత పాత పుస్తకాల కొట్లో దొరికిన ఇంజనీరింగు పుస్తకాలు కొనుక్కుని, అర్థం కానివి ఆయన్ను అడిగి నేర్చుకున్నాను.

ఆయన రిటైరయ్యాక తనిఖీలు ఫ్యాను కింద జరుగుతున్నాయి. రిజిస్టరు నిండా ఒకే సిరాతో "బాగున్నది, బాగున్నది". ఈ సంగతి చెప్పి ఆఫీసువాళ్ళను తిట్టిపోద్దామని పోయిన నెల ఆయన ఇంటికెళ్ళాను. మంచం మీద ఉన్నారు. నా తిట్లన్నీ విని, "ఆ ముప్పై ఇళ్ళ కట్ట మీద తుమ్మమొక్కలు మొలిచాయన్నావే, కొట్టించావా?" అన్నారు. వేళ్ళు లోపలికి దిగితే నీళ్ళకు అదే దారవుతుందని నాకు నేర్పింది ఆయనే.

"ఆర్డరు రాలేదండీ."

"మొక్కకి ఆర్డరొచ్చిందా పెరగమని?"

ఆయన అటు తిరిగి పడుకున్నారు. నాతో అన్న ఆఖరు మాట అదే. ఆఫీసును ఎన్ని తిట్టినా ఆ జాబితాలో నా పేరూ ఉంది.

శుక్రవారం అందరితోపాటు నేనూ మూడు గుప్పిళ్ళ మట్టి వేశాను. శనివారం గొడ్డలి, పార, దిమ్మిస తీసుకుని ఆ కట్ట మీదకు వెళ్ళాను. ఎవరినీ అడగలేదు. మధ్యాహ్నానికి మొక్కలన్నీ వేళ్ళతో సహా పెరికి, గుంతలు పూడ్చి, మట్టి గట్టిపడేదాకా దిమ్మిస కొట్టాను. చేతులు బొబ్బలెక్కి కూలబడితే కింద మొదటి ఇల్లు కనబడింది. పంచలో చీర ఉయ్యాల, అందులో బిడ్డ. తల్లి చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళేరుతూ, కాలి బొటనవేలికి కట్టుకున్న తాడుతో ఉయ్యాల ఊపుతోంది. చాలాసేపు చూశాను. ఆమె ఒక్కసారి కూడా తలెత్తి కట్టవైపు చూడలేదు.